ఒక్క ఇల్లు ఇడువొద్దు

కురుమూర్తిరెడ్డి డప్పును తెచ్చి సర్పంచు కాళ్ల దగ్గర పడేశాడు.

"మెడల ఏసుకో. మా మనుమని పుట్టెంటికల విందు. ఊరంత తిరిగి పిలిచి రా."

సర్పంచు సాయన్న వంగలేదు. పోయిన ఏడు దాకా ధరూర్ మండలంలో డప్పంటే సాయన్నదే. ఊళ్లో సర్పంచు పదవి ఎస్సీలకు రిజర్వు కాగానే అదే డప్పు కొట్టుకుంటూ, పాట పాడుకుంటూ గెలిచాడు. కురుమూర్తిరెడ్డికి ఉపసర్పంచు కుర్చీ మిగిలింది. ఆ కడుపుమంట ఏడాది తిరిగినా చల్లారలేదు.

"ఇయ్యాల మూడు గంటలకు గ్రామసభ ఉంది పటేలా" అన్నాడు సాయన్న.

పటేల్ కురుమూర్తిరెడ్డి నవ్వాడు. ఆ సంగతి ఆయనకు తెలియకనా! రెండుసార్లు సభ పెడితే పంచాయతీ ఆఫీసుకు ఒక్క పురుగు రాలేదు. పోయినవాడికి తన చేలల్లో కూలి లేదని పటేల్ గడప గడపకూ చెప్పించాడు మరి. ఈసారి కూడా యాభై మంది కూడకపోతే సాయన్న పదవి ఊడుతుంది, కుర్చీ ఉపసర్పంచు కిందికి వస్తుంది. అందుకే చూసి చూసి విందు ఇవాళే పెట్టాడు మహానుభావుడు.

"నీ సభకు కుక్క గూడ రాదు. కొడ్తవా, కొట్టవా? కొట్టకుంటే రేపట్నుంచి మీ వాడోళ్లు ఎవ్వరు నా పల్లికాయ చేన్ల అడుగు పెట్టొద్దు."

సాయన్న ముఖం నల్లబడింది. తల తిప్పి, పటేల్ ఇంటి ముందు సిమెంటు రోడ్డుకు అడ్డంగా వేసిన షామియానా వంక చూశాడు. ఎడ్లబండి కూడా పోవడానికి సందు లేదు. అడిగే దమ్ము ఎవరికుంది?

"అన్ని గల్లీలు తిరగాల్నా పటేలా?"

"అన్ని తిరగాలె. ఒక్క ఇల్లు ఇడువొద్దు."

"మా వాడ గూడనా?"

"మీ వాడనే ముందుగాల పిలువు. సర్పంచు నా వాకిట్ల డప్పు కొడ్తుంటే అందరు సూడాలె."

సాయన్న డప్పు తీసుకున్నాడు. వాడలోకి రాగానే భార్య జములమ్మ ఎదురొచ్చింది. మొగుడి మెడలో డప్పు చూసి విషయం అడిగి తెలుసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. మొగుడి మీద కోపమో, పటేల్ మీద కోపమో ఆమెకే తెలియలేదు.

"ఇందుకేనా నీకు ఓట్లేసింది? పదవి పోతే పోయింది, ఇజ్జత్ గూడ పోగొట్టుకుంటవా?"

"జర చొప్ప తే. డప్పు కాగబెట్టాలె" అన్నాడు సాయన్న.

జములమ్మ చొప్ప తెచ్చి అతని ముందు విసిరికొట్టింది. ఇంట్లోకి పోయి దబీమని తలుపేసుకుంది. సాయన్న మంట పెట్టి, చర్మం బిగిసేదాకా డప్పు కాచుకుని లేచాడు.

దరువు మొదలైంది. వాడ దాటి, పెద్ద గల్లీ దాటి, సాలోళ్ల గల్లీలోకి పోయింది. మూలమూలన ఆగి సాయన్న పిలుపు వేస్తున్నాడు. షామియానా కింద కుర్చీలో కూర్చుని, దూరం నుంచి వస్తున్న డప్పు చప్పుడు వింటూ పటేల్ మీసాలు దువ్వుకున్నాడు. ఏడాదిగా పట్టని నిద్ర ఇవాళ పడుతుందనుకున్నాడు.

సభ కోసం మండలం నుంచి వచ్చిన అధికారి స్వరూప ఖాళీ పంచాయతీ ఆఫీసులో ఒక్కతే కూర్చుని ఉంది. పటేల్ ఆమెకు జీపు పంపాడు. ఎవరూ రాని సభకు అక్కడ కూర్చుని ఏం లాభం, తన ఇంటి దగ్గర నాలుగు మెతుకులు తిని ఆ రాసేదేదో ఇక్కడే రాసుకొమ్మని కబురు పెట్టాడు. ఆమె రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చింది.

మూడయ్యేసరికి షామియానా కింద ఇసుక వేస్తే రాలనంత జనం. విస్తళ్ల ముందు తలలు వంచుకుని కూర్చున్నారు. సాయన్న చివరి దెబ్బ కొట్టి, డప్పు దించి, చెమట తుడుచుకున్నాడు.

పటేల్ ఇక ఆగలేకపోయాడు.

"మూడైంది మేడం. సభ జరుగలేదని రాసేయున్రి."

స్వరూప రిజిస్టరు తెరిచింది. "రాసే ముందు అడగాలి కదా. రూలు ప్రకారం ఊళ్లో డప్పు కొట్టించారా?"

"డప్పు సంగతి నన్నడుగున్రి" అన్నాడు పటేల్ జనం వైపు చూస్తూ. "ఇప్పటిదాంక ఊరంత కొట్టొచ్చింది మీ సర్పంచే. నేనే కొట్టిచ్చిన. ఒక్క ఇల్లు ఇడువలే."

వెనక వరుసలో జములమ్మ లేచి నిలబడింది. తలుపేసుకున్న మనిషి ఎప్పుడు వచ్చిందో మరి.

"అవును మేడం. మా ఇంటి ముంగట గూడ ఆగిండు. మూడు గంటలకు పటేల్ ఇంటి ముంగటి రోడ్డు మీద గ్రామసభ, అందరు రావాలె, అయినంక బువ్వ అని పిలిచిండు. ఆ పిలుపు ఇనే వచ్చిన."

పటేల్ కుర్చీలోంచి లేచాడు. ఇది తన విందని, తన షామియానా అని, వీళ్లంతా తిండికి వచ్చినవాళ్లని గొంతు చించుకున్నాడు. స్వరూప విననట్టే జనం వైపు తిరిగింది.

"మీరంతా డప్పు విని వచ్చినవాళ్లేనా?"

ఆ మాటలో పటేల్‌కు కోపం తెప్పించేదేముంది, డప్పు కొట్టించింది ఆయనే కదా! అందరూ ధీమాగా తలలూపారు. "డప్పు ఇనే వచ్చినం మేడం."

స్వరూప చెప్పు కొనతో కింద పరిచిన టార్పాలిన్ పట్టాను కాస్త పక్కకు తోసింది. దాని కింద పంచాయతీ వేసిన సిమెంటు రోడ్డు కనిపించింది. ఆమె లేచి, వరుసల మధ్య నడుస్తూ తలలు లెక్కపెట్టింది. తిరిగి వచ్చి కలం తీసి రాసుకుంది.

"గ్రామసభ జరిగినది. స్థలం, పంచాయతీ రోడ్డు. హాజరైనవారు మూడు వందల పన్నెండు మంది, ఉపసర్పంచుతో కలిపి."