గేటు లేని కంచె

సగిన్ బైకే, అన్నా అని పిలుస్తూనే ఈ మాట అంటున్నాను: కంచెకి గేటు పెట్టకుండా మీరు మా గుర్రాన్ని చంపారు.

గడ్డి మళ్లీ మొలవాలని ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పిచ్చింది. మంచిదే. మేత కమిటీ పెద్దగా మీరు వసంతపు మేతబయలు చుట్టూ ముళ్లతీగ వేయించారు. కూలికి ఆ తీగ బిగించింది నేనే. "బైకే, మన నరీన్ కొండల్లో గుర్రం తను పుట్టిన చోటికే ఈనడానికి పోతుంది. ఇక్కడ గేటు పెట్టించండి" అని అప్పుడే చెప్పాను.

"గేటుకి అప్పు రాలేదు మిర్గుల్. లోపలికి రావద్దని బోర్డు పెట్టాంగా, మీ గుర్రాన్ని చదువుకోమను," అన్నారు మీరు. అందరూ నవ్వారు.

ఈ తెల్లవారుజామున మా చూడి గుర్రం ఆ తీగలో చిక్కుకుని, అక్కడే ఈని, నెత్తురు కారి చచ్చిపోయింది. నాకు ఏడుపు రాలేదు. తీగ కత్తిరించి, గుర్రంపిల్లను కంబళిలో చుట్టి ఇంటికి తెచ్చాను. సీసాతో పాలు పట్టినా తాగడం లేదు.

నాకు పరిహారం వద్దు. నిన్న మీ గుర్రం చచ్చిన పిల్లను ఈనిందట. ఆ పిల్లను పూడ్చకండి. దాని చర్మం మా పిల్లకు కప్పితే, వాసన చూసి తన పిల్లే అనుకుని మీ గుర్రం పాలిస్తుంది. పొద్దుగూకేలోగా ఔనో కాదో కబురు పంపండి. అంతకు మించి ఈ పిల్ల ఆగదు.