యాభై ఐదు కేజీల తరగతి

"మళ్లీ బరువు తగ్గించారేంటి ఓజా?" అంది సనాతోంబి.

ఆమె ఓజా అని పిలిచే వెయిట్‌లిఫ్టింగ్ గురువు ఇబోచౌ బార్ నుంచి ఇంకో ప్లేటు తీశాడు. నాలుగు నెలలుగా ఆమె ఎత్తే బరువు డెబ్భై కేజీల దగ్గరే ఆగిపోయింది. ఆయన పెంచకపోగా తగ్గిస్తున్నాడు. పైగా ఈ ఉదయం పోటీల జాబితాలో, ఇన్నాళ్లూ తనదైన నలభై తొమ్మిది కేజీల ఒంటి బరువు తరగతిలో, ఆయన మేనకోడలి పేరుంది. సనాతోంబి పేరు యాభై ఐదులోకి మారింది.

"మీ పిల్లకి దారి కోసం నన్ను పక్కకి నెట్టారు. అంతే కదా?"

"పొద్దున్న ఏం తిన్నావు?"

"మీరు రాసిచ్చినవే. అన్నం, చేప, రెండు గుడ్లు."

"నిన్న మీ అమ్మ బజారులో కనబడింది. పిల్ల అన్నమంతా బాతులకి వేస్తోంది, ఏం రోగం ఓజా, అని ఏడ్చింది."

సనాతోంబి తల దించుకుంది.

"తింటే నలభై తొమ్మిది దాటుతున్నాను. దాటితే వదిలేస్తారని భయమేసింది."

"ఎదిగే ఒళ్లు, ఆపితే ఆగుతుందా? మాడే కడుపుతో పాత బరువు ఎత్తిస్తే నడుం పోతుంది. అందుకే తీశాను. కడుపునిండా తిని ఎత్తుతావనే పై తరగతిలో రాశాను."

ఇన్నాళ్లూ ఆయనే ఏదో దాస్తున్నాడనుకుంది. దాచింది తనే.

ఇబోచౌ తన క్యారియర్ విప్పి, అన్నం, చేపల పులుసు ముందుకు తోశాడు. ఆమె కాసేపు గిన్నె వంక అనుమానంగా చూసింది. తర్వాత నేల మీద చతికిలబడి ఒక ముద్ద తింది, ఇంకోటి తింది.

"ఉప్పు తక్కువైంది ఓజా."

"వంట నాదే. మాట్లాడకుండా తిను."