మూడో అడ్రసు

పొద్దున్నే సంపత్‌కు సూర్యాపేట నుంచి ఫోను.

"ఏమయ్యా, మా మిల్లు మెయిళ్ళు నిన్నటి సంది వస్తలేవ్."

కోదాడలో చిన్న ఆఫీసు పెట్టుకుని, రైసు మిల్లుల బాయిలర్లకు సాఫ్ట్‌వేర్ అమర్చడం సంపత్ పని. బాయిలర్‌లో నీళ్ళెన్ని, ఆవిరెంత అని అరగంటకోసారి అది లెక్క రాసి మెయిల్ చేస్తుంది. ఏదన్నా తేడా వస్తే ఆ నిమిషమే ఇంకో మెయిల్ కొడుతుంది.

చూస్తే కారణం చిన్నదే. అతని మెయిల్ ఖాతా రోజుకు ఐదు వందలకు మించి పంపనివ్వదు. మిల్లులేమో పెరిగాయి.

సంపత్ అడ్రసుల జాబితా ముందేసుకుని కోతలు మొదలుపెట్టాడు.

మిర్యాలగూడ రామనర్సయ్య సేటు మిల్లుకు మూడు అడ్రసులున్నాయి. ఒకటి సేటుది. ఒకటి తనది. మూడోది ఎవరో సారమ్మది. మూడేళ్ళ కింద మిల్లు ఆఫీసు వాళ్ళు పంపిన కాగితంలో ఉంటే, ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు.

ఎవరీ సారమ్మ అనుకున్నాడు. ఎవరినీ అడగలేదు. తీసేశాడు.

వారం తిరక్కముందే ఒక పెద్దాయన ఆఫీసు మెట్లెక్కాడు. భుజాన తువ్వాల, ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు, చేతిలో అద్దం పగిలిన ఫోను.

"సారూ, మా బిడ్డ సారమ్మ ఫోన్ల మెయిళ్ళు వస్తలేవు."

"ఏ మెయిళ్ళు తాతా?"

"మిర్యాలగూడ మిల్లుయి. నిడమనూరు నుంచి వచ్చిన. రెండు బస్సులు మారిన."

సంపత్‌కు నవ్వొచ్చింది. ఎవరికీ పట్టని మెయిళ్ళ కోసం ఒక మనిషి రెండు బస్సులు మారి రావడం అతను ఎన్నడూ చూడలేదు.

"అవి ఇంగ్లీషులో ఉంటాయి. మీకేం అర్థమవుతాయి?"

"అంత తెల్వది. నీళ్ళ కాడ ఎల్, ఓ, డబ్ల్యూ అని వడితె తక్కువున్నయని ఎరుకే. పగటీలి గది సూసినంకనే నేను బువ్వ తింట."

"సేటు గారికీ నాకూ వస్తున్నాయిలే. మీకెందుకు ఈ వయసులో ఈ తిప్పలు?"



"మీరు సదువుతరా?"

సంపత్ ఆ మెయిళ్ళు విప్పి ఏడాది దాటింది. వచ్చినవి వచ్చినట్టే ఓ మూల ఫోల్డర్‌లో పడేలా ఎప్పుడో పెట్టుకున్నాడు. సేటు సంగతి సరేసరి.

"చదవకుండా ఉంటామా?" అన్నాడు.

"అయితె మంచిదే. బువ్వ యాళ్లకు జర సూడుండ్రి సారూ. గప్పుడే నీళ్ళు తగ్గుతయి. పొయ్యిల ఊక ఏసేటోడు మంచోడే గని, తినెటందుకు కూసుంటె లేవడు."

"సరే తాతా, నేను చూసుకుంటాను."

పెద్దాయన మొహం తేటపడింది. ఇచ్చిన మంచినీళ్ళు తాగి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. పేరైనా అడగాలని సంపత్‌కు తోచలేదు.

నెల తిరిగేసరికి రామనర్సయ్య సేటు ఫోను.

"సంపతూ, బాయిలర్ గొట్టాలు కాలిపోయినయి! లోపట నీళ్ళు ఖతమైనా ఎవ్వడు సూడలే. ఊక ఏసే లక్ష్మయ్య దవాఖానల ఉన్నడు."

సంపత్ బండేసుకుని మిర్యాలగూడ పోయాడు.

మిల్లులో చప్పుడు లేదు. తడిసిన వడ్లు తొట్లలోనే ఉన్నాయి. కూలీలు గోడ నీడన కూర్చున్నారు.

"మూడేండ్లల ఒక్కనాడన్న గిట్లయిందా? ఇప్పుడెందుకయింది?" అన్నాడు సేటు.

సంపత్ కంప్యూటర్ ముందు కూర్చుని, పాత మెయిళ్ళన్నీ మొదటిసారి వరసగా చదివాడు.

నీళ్ళు తగ్గాయన్న మెయిల్ మూడేళ్ళలో నలభై ఒక్కసార్లు వచ్చింది. దాదాపు అన్నీ మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండింటికీ మధ్యనే. ప్రతిసారీ ఐదారు నిమిషాల్లో నీళ్ళు మళ్ళీ నిండాయి.

నలభై రెండోసారి నిండలేదు.

దవాఖానలో లక్ష్మయ్య కుడిచేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"పాణానికేం గాలే సార్, పరేషాన్ గాకుండ్రి" అని తనే ధైర్యం చెప్పాడు.

"లక్ష్మయ్యా, ఇన్నాళ్ళూ నీళ్ళు తగ్గినప్పుడల్లా నీకెట్లా తెలిసేది? హారన్ మోగేదా?"

"హారన్ వైరు ఎన్నడో పీకేసిన సార్. ఒకటే మొత్తుకుంటది, చెవులు వోతున్నయని. ఫోన్ వచ్చేది."

"ఎవరు చేసేవాళ్ళు?"

"ముత్తయ్య బాపు. 'బువ్వ పక్కకు వెట్టు, ముందుగాల నీళ్ళు సూడు' అని తిట్టేటోడు. నెల కింద ఆయనే ఫోన్ జేసి, కోదాడల సారు చదువుతుండట, ఇగ నాకు నిశ్చింత అన్నడు."

సంపత్‌కు తను ఆడిన చిన్న అబద్ధాన్ని ఆ ముసలాయన ఎంత నమ్ముకుని ఇంటికి పోయాడో తలచుకుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోయినట్టయింది. లక్ష్మయ్య చేతి కట్టు వైపు చూసే ధైర్యం కూడా రాలేదు.



"ఆ ముత్తయ్యకూ, ఈ మిల్లుకూ ఏం సంబంధం?"

లక్ష్మయ్య ఆశ్చర్యంగా చూశాడు.

"మీకు తెల్వదా సార్? ఇరవై ఆరేండ్లు ఆ బాయిలర్‌ను కాపాడింది ఆయనే. ఇగ అన్నీ మీ కంప్యూటరే సూసుకుంటదని, అది వెట్టిన్నాడే సేటు ఆయనను పనిల నుంచి తీసేసిండు."