అమ్మవారి కనుబొమ

గోస్పాడు గుడికి నేను చెక్కిన అమ్మవారు ఆటో ఎక్కుతున్నారు. కనుబొమలు సమానంగా లేవేమోనని నాకు అనుమానం.

ఒక్క ఉలి దెబ్బ చాలు. కానీ నా చెయ్యి ఒక్కటితో ఏనాడూ ఆగలేదు. సరిచేసి, సరిచేసి నేను ముక్కులు ఎగరగొట్టిన దేవతలంతా ఆళ్లగడ్డలో మా పెరటినిండా కొలువుదీరి ఉన్నారు. దీన్ని ఓసీడీ అంటారని నంద్యాల డాక్టరమ్మ సెలవిచ్చారు. వైద్యమేమిటంటే, నేను ఉలి ముట్టకుండా అనుమానాన్ని భరించాలి. నేనెంత అడిగినా నా భార్య నాగవేణి జవాబు చెప్పకూడదు.

"వేణీ, రెండూ సమంగా ఉండాయా?"

"నన్నడగద్దు."

"దండం పెడతా, ఒక్క మాట చెప్పు."

"డాక్టరమ్మ ఏం చెప్పింది? గమ్మునుండు మామా."

చేతులు చంకల్లో బిగించుకున్నాను. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఈ విగ్రహం కూడా చెడితే మా గడప తొక్కేవాడుండడు.

ఆటో మలుపు తిరిగింది. అప్పుడు నోరు విప్పింది నాగవేణి.

"ఎడమది రవ్వంత పైకుండాది మామా. ‘ఏందిరా?’ అని అడిగినట్టుండాది. పొద్దున్నే చూసినా."

చంకలోంచి ఒక చెయ్యి ఉలి కోసం జారింది. కాళ్లు మాత్రం ఆటో వెంట పరుగెత్తలేదు.

అడగనీ. ముక్కుపుడక పెట్టుకోవడానికి ఈ అమ్మకు ముక్కుంది.