గృహప్రవేశం నాటి మీటరు

మంగళవారం ఉదయం ఏడు గంటలకు కూడా స్రవంతి గది గుమ్మానికి తగిలించిన రేడియేషన్ మీటరు మోగుతూనే ఉంది. థైరాయిడ్ జబ్బుకు రేడియేషన్ మందు మింగిన ఆమె, మీటరు ఆగేదాకా పది నెలల కూతురిని ఎత్తుకోకూడదు. డాక్టరు చెప్పిన గడువు శనివారమే దాటింది.

హనుమకొండలో గృహప్రవేశాలకు గోడ గడియారాల బదులు ఈ మీటర్లే కానుకగా చదివిస్తారు. ఈ ఇంటిది పద్నాలుగేళ్ళ నాటిది.

"దీని మొత్తుకోలు పొల్లను పండనిస్తలేదు" అంటూ అత్త యాకమ్మ మీటరును ఊడదీసి, వెనక వీధిలో ఉండే రజియా ఇంట్లో పెట్టడానికి తీసుకెళ్ళింది. అక్కడా అది మోగింది.

రజియా నవ్వింది. "రోగం నీ కోడలికి కాదు పెద్దమ్మా, దీనికి. లోపలి గొట్టంల గ్యాస్ పాతదైతే ఉత్తగనే మోగుతది."

"అయ్యో, గిన్ని దినాలు తల్లీబిడ్డలను ఏడిపించిందా ఇది!"

రజియా తన కొత్త మీటరు తెచ్చి స్రవంతి మెడ దగ్గర పెట్టింది. అది మోగలేదు. ఆసుపత్రికి ఫోన్ చేసి మీటరులో అంకె చెబితే, బిడ్డను ఎత్తుకోవచ్చన్నారు.

"పొల్లను ఇటియ్యి అత్తమ్మా" అంది స్రవంతి.

తొమ్మిదిన్నరకు పాప తల్లి ఒళ్ళో నిద్రపోయింది.