పదో వేలి గీత

"బొటనవేలి మీద అతుకు ఇంకా కనిపిస్తూనే ఉంది," అంది పార్లర్ యజమానురాలు, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి. "చూడమన్నావు, చూశాను. గుడ్డివాళ్లకి కూడా కనిపిస్తుంది."

కొత్తగా చేరినావిడ తల వంచుకుంది. చేరిందనడానికి కూడా లేదు. ఈ ఒక్కరోజూ పని చూసి, నచ్చితేనే రేపట్నుంచి రమ్మంటానని యజమానురాలు పొద్దున్నే చెప్పేసింది. ఇప్పటికే మూడు పార్లర్లవాళ్లు "కబురు చేస్తాం" అని పంపించేశారు. ఏ కబురూ రాలేదు.

ఆ పార్లర్‌లో గోళ్ల పని ఇద్దరు పంచుకుంటారు. ఒకరు ప్లాస్టిక్ గోళ్లు అతికించి, కావలసిన పొడవుకు కత్తిరించి లేచిపోతారు. ఆ కుర్చీలో రెండోవాళ్లు కూర్చుని, అసలు గోరూ ప్లాస్టిక్ గోరూ కలిసిన చోట పడే గీతను అరగదీసి మాయం చేస్తారు. ఈ కస్టమర్‌కు గోళ్లు అతికించిన సీనియర్ అప్పుడే పక్క గదిలో ఇంకొకరి చేతులు పట్టుకుని కూర్చుంది.

కొత్తావిడకు తొమ్మిది వేళ్ల పని చక్కగానే కుదిరింది. గోళ్లు అరగదీసే ఫైలర్‌ను నిలువుగా గుచ్చకుండా పడుకోబెట్టి, ప్లాస్టిక్ అంచు మీదే నడిపింది. అసలు గోటి జోలికి పోలేదు. అంచు పలచబడి పలచబడి, గీత ఎక్కడుండేదో తనకే గుర్తు రానంతగా కలిసిపోయింది. పదోదే, కుడి చేతి బొటనవేలు, మొండికేసింది.

"ఇంకో పావుగంటలో ఈ కుర్చీకి వేరేవాళ్లొస్తున్నారు," అంది యజమానురాలు. "గోరు అరగదీయమంటే గోడకి సున్నం గీకుతున్నట్టు ఆ తంటాలేంటమ్మా?"

"గబగబా రుద్దితే వేడెక్కుతుంది మేడమ్."

"వేడెక్కకుండా గబగబా రుద్దడమే పని. దానికేగా మనిషి కావాలన్నాను!"

ఎదురుగా కూర్చున్న కస్టమర్ ఏమీ అనలేదు. నలభై ఏళ్లుంటాయేమో. వచ్చినప్పుడు మాత్రం రెండు మాటలు చెప్పింది. "రేపట్నుంచి మళ్లీ ఆఫీసుకి వెళ్లాలి. పొట్టిగా, మామూలుగా కనిపిస్తే చాలు."

కొత్తావిడ చిన్న సీసా అందుకుంది. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే మందు అది. పుల్లకు చుట్టిన దూదితో గీత మీద ఒక్క చుక్క అద్ది, ముప్పై లెక్కపెట్టింది. మిగతా వేళ్లకైతే ఈపాటికి అంచు మైనంలా లొంగిపోయేది. ఇక్కడ గీత చెక్కు చెదరలేదు. సీసా బాగా కదిపి ఇంకో చుక్క అద్దింది. అయినా అంతే.

"మందు పాతదైపోయినట్టుంది మేడమ్."

"తొమ్మిది వేళ్లకి కొత్తగా ఉన్న మందు పదో వేలికి పాతదైపోయిందా?"

పక్క గదిలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. కొత్తావిడ చెవులు ఎర్రబడ్డాయి. ఫైలర్ మార్చి, సన్న గరుకుది తీసుకుంది. నాలుగు సార్లు నడపడం, దుమ్ము తుడవడం, వెలుతురుకేసి తిప్పి చూడడం. మళ్లీ నాలుగు సార్లు. గోరు పలచబడుతోంది గానీ, గీత కూడా దాంతో పాటే కిందికి దిగుతున్నట్టుంది.

"మంటగా ఉంటే చెప్పండమ్మా."

"లేదు."

"మొహమాటపడకండి. మంట పుడితే ఆపెయ్యాలి. అది రూలు."

"ఏం లేదమ్మా. నువ్వు కానివ్వు."

కస్టమర్లు ఈ పని జరుగుతున్నంతసేపూ ఒంటిచేత్తో ఫోన్ చూసుకుంటారు, లేదా కునుకు తీస్తారు. ఈవిడ రెప్ప వెయ్యకుండా ఆ గీతనే చూస్తోంది. ఫైలర్ ఆగిన ప్రతిసారీ ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి మరీ చూస్తోంది.

కొత్తావిడ తన వేలి కొసతో ఆ గోటిని మెల్లగా నొక్కింది. కాగితంలా లోపలికి వంగింది. అడుగున చర్మం గులాబీ రంగులో కనిపిస్తోంది. ఇంకొక్క రుద్దు రుద్దితే రక్తమే. ఆమె చెయ్యి దానంతట అదే ఆగిపోయింది.

"మేడమ్, ఇక నావల్ల కాదు. ఆపేస్తున్నాను."

"గీత అలాగే ఉందిగా!"

"ఉంది."

"రేపు పనిలోకి రావాలని ఉందా, లేదా?"

కొత్తావిడ ఫైలర్‌ను బల్ల మీద పెట్టి, కస్టమర్ చేతిని తడిగుడ్డతో తుడిచింది. "క్షమించండమ్మా. నాకు చేతకాలేదు," అంది నెమ్మదిగా.

"ఇంకొక్కసారి చూడమ్మా," అంది కస్టమర్. బతిమాలుతున్నట్టే ఉంది ఆ గొంతు.

"వద్దండి. గోరు ఊడిపోతుంది."

యజమానురాలు నుదురు కొట్టుకుని, పక్క గదివైపు కేకేసింది. "ఒకసారి ఇటు రావే తల్లీ! నువ్వు అతికించిన గోరు ఈవిడగారికి లొంగట్లేదట."

సీనియర్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బొటనవేలిని వెలుతురుకేసి పట్టి చూసి, గబుక్కున వదిలేసింది.

"అయ్యో, దీనికి నేను పెట్టనే లేదు మేడమ్! ఈ సైజు డబ్బాలో దొరక్క వదిలేశాను. చెబుదామనుకునేలోపు అటు పిలిచారు. ఇది ఈవిడ సొంత గోరే."

కొత్తావిడ బల్ల మీద గుడ్డ నిండా రాలిన ఆ తెల్లటి పొడిని చూసి, కస్టమర్ ముఖంలోకి చూసింది.

"ఇంతసేపు మీ గోరు అరగదీస్తుంటే ఒక్క మాట అనలేదేంటమ్మా?"

కస్టమర్ తన చేతిని ఇంకా ఆమె ముందే ఉంచింది.

"మా పాప పోయినప్పుడు మంచం పట్టాను, అప్పుడే పది గోళ్లకీ పడిందమ్మా ఈ గీత. తొమ్మిదింటికి కనపడకుండా చేశావు కదా, పదోదీ పోతుందేమోనని ఊరుకున్నాను."