కూలర్ తొట్టిలో అమీబా పిన్ని

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లండి! తోక ఒక్కటి విదిలించి తుపానును వెనక్కి పంపిన ముసలి బల్లిని నేను. కూలర్ మీంచి అంతా కళ్లారా చూశాను.

తొట్టినీళ్లలో అమీబా ఒక బాక్టీరియాను మింగింది. అది అరగలేదు.

"ఇంకా బతికే ఉన్నావా?"

"నీ కడుపు చల్లగుండ, ఇక్కడే ఉండనీ పిన్నీ!"

అంతలో ఇంటాయన తవిటయ్య బ్లీచింగ్ పొడి చల్లాడు. బయట ఈదేవన్నీ చచ్చాయి. అమీబా మాత్రం గట్టి పెంకు కట్టుకుని ముడుచుకుంది. ఘాటు తగ్గాక పెంకు విప్పింది.

"బతికిపోయాను!"

"నన్నూ బతికించావు పిన్నీ!"

నాలుగు రోజుల్లో లోపల గొంతులు వేలయ్యాయి. పాపం, పిన్ని పగిలిపోయింది. అవన్నీ చల్లటి తుంపరలెక్కి, కూలర్ ముందు పడుకున్న మనిషి ఊపిరితిత్తుల్లో దిగాయి.

సాక్షి కావాలా? ఆసుపత్రికెళ్లి అడగండి, దగ్గు కాస్త తెరిపి ఇస్తే చెబుతాడు తవిటయ్య.